కూర్మయ్య తిప్పిన రీలు

"బొమ్మ ఏదండీ?" అన్నాడు కామేశం.

హైమ వినమని సైగ చేసింది. స్పీకర్లో గుర్రపు డెక్కల చప్పుడు ఇంకా వినిపిస్తూనే ఉంది. జట్కావాడు ఎవరినో తప్పుకోమని తిడుతున్నాడు. ఎవరో ఆడమనిషి వాడికి అంతకంటే ఘాటుగా బదులిచ్చింది. వందేళ్ల కిందటి కాకినాడ వీధి గదిలోకి నడిచొచ్చినట్టుంది. నిజానికి ఆ వీధిని తీసిన ఫిల్ము ముక్కలో ఒక్క మాట కూడా రికార్డు చేయలేదు. అది మూకీ.

కామేశం యంత్రానికి రెండో వైపు వెళ్లి, బయటికొచ్చిన ఫిల్ముని దీపానికి అడ్డం పెట్టి చూశాడు. గాజులా తేటగా ఉంది. గుర్రం లేదు, జట్కా లేదు, వీధీ లేదు.

"ఇదేంటండీ బాబూ! ఇందాకటి దాకా ఇందులో గుర్రం ఉంది కదండీ?"

"ఉంది. ఇప్పుడు స్పీకర్లోకి వచ్చేసింది."

విశాఖపట్నంలో హైమ నడిపే ఆ చిన్న ల్యాబులో యంత్రాన్ని అందరూ 'చెవి' అని పిలుస్తారు. దాని పని చెప్పడానికి ఆమెకి ఎప్పుడూ నాలుగు మాటలే పడతాయి. పాత కెమెరాలో ఫిల్ము మీద వెలుగు పడుతున్నప్పుడు చుట్టుపక్కల శబ్దాలు గాలిని కుదిపేవి. ఆ కుదుపుకి ఫిల్ము మీది వెండి రేణువులు కంటికి ఆననంత పక్కకి ఒరిగి, అలాగే గట్టిపడిపోయేవి. ఆ ఒరుగుని కొలిస్తే శబ్దం తిరిగొస్తుంది. కానీ అడుగు రేణువు దాకా వెళ్లాలంటే పై రేణువుల్ని ఆవిరి చేసుకుంటూ పోవాలి.

"అంటే ఒక్కసారి వింటే ఇంక చూడ్డానికేం మిగలదన్నమాట," అన్నాడు కామేశం, ఖాళీ ఫిల్ముని కింద పెడుతూ. "భలే యంత్రమండీ. ఇంతకీ నన్ను రాజమండ్రి నుంచి రప్పించింది ఈ గుర్రం కోసమేనా?"

"మీ దగ్గరున్న 'రేవుకన్య' సినిమా కోసం. ఆఖరి రీలు."

కామేశం నవ్వు ఆగిపోయింది. భుజం మీది కండువా సర్దుకుని లేచాడు.

"ఆ మాట ఫోన్లోనే చెప్తే కారు పెట్రోలు మిగిలేదండీ నాకు. వస్తాను."

"కామేశం గారూ, ఆ రీలు తిప్పిన కూర్మయ్య మా తాత."

తలుపు దాకా వెళ్లిన మనిషి అక్కడే నిలబడిపోయాడు.

*

ఇంటికి వెళ్లేసరికి తండ్రి అప్పలసూరి టీవీ ముందు కూర్చుని ఉన్నాడు. ఎనభై దాటిన మనిషి. ఓడరేవు వర్క్‌షాపులో లేత్ మిషను మీద పనిచేసి రిటైరయ్యాడు. టీవీలో ఎవడో కుర్ర యాంకరు గొంతు తగ్గించి భయపెడుతున్నాడు: "గోదావరిలో నటి వనమాలిని మునిగిపోతుంటే... కెమెరామన్ ఏం చేశాడో తెలుసా?"

హైమ రిమోటు లాక్కుని కట్టేసింది.

"ఉంచే. ఏటి కొత్తగా సెప్తాడో సూద్దారి," అన్నాడు అప్పలసూరి.

కొత్తగా చెప్పేందుకేమీ లేదు. మూకీల రోజుల్లో ధవళేశ్వరం దిగువన 'రేవుకన్య' షూటింగు. కథ ప్రకారం వనమాలిని పడవలో కూర్చుని ఏడవాలి. ఆమె లేచి నిలబడి, కెమెరా వైపు తిరిగి ఏదో అని, నదిలోకి దూకేసింది. శవం దొరకలేదు. కూర్మయ్య మాత్రం రీలు అయిపోయేదాకా కెమెరా హ్యాండిల్ తిప్పుతూనే ఉన్నాడు. తరవాత అతనికి ఎవరూ కెమెరా ఇవ్వలేదు. చిట్టివలస జూట్ మిల్లులో నార మోసి బతికాడు. లేకలేక నడివయసు దాటాక పుట్టిన కొడుకు అప్పలసూరిని బళ్లో వేస్తే, తోటి పిల్లలు వాడిని చూసి గుప్పిట బిగించి గాలిలో గుండ్రంగా తిప్పేవారు. పెళ్లిచూపులకి వెళ్తే అక్కడా ఎవడో ఒకడు తిప్పేవాడు.

హైమ పళ్లెంలో అన్నం, ఎండుచేపల ఇగురు పెట్టి తండ్రి ముందు ఉంచింది.

"రీలు ఉన్నాయన ఇవాళ వచ్చాడు నాన్నా. అందులో తాత గొంతు ఉండే ఉంటుంది. కెమెరాకి దగ్గరగా ఉన్న మనిషి మాటే అన్నిటికంటే బాగా పట్టుకుంటుంది ఫిల్ము."

అప్పలసూరి ముద్ద కలుపుతూ ఆగాడు.

"మా అయ్య సచ్చీదాకా నోరిప్పనేదు. ఎవులడిగినా ఇప్పనేదు. నాను ఏడ్సి అడిగినా ఇప్పనేదు. నువ్వొచ్చి ఇప్పుతావేటి?"

"ఆయన తప్పు చేయలేదని తెలిస్తే?"

"సేసినాడని తెలిస్తే?"

హైమ గ్లాసులో నీళ్లు పోసి పళ్లెం పక్కన పెట్టింది. 'చెవి'ని తయారు చేయడానికి ఆమె తన వయసులో సగం పోసింది. దాన్ని మొదలుపెట్టిన రోజు నుంచీ ఆమె మనసులో ఉన్నది ఈ ఒక్క రీలే. ఆ సంగతి తండ్రికీ తెలుసు.

"నాను కూడా వస్తాను," అన్నాడాయన చివరికి. "ఇనీదేదో పక్కనుండే ఇంటాను."

*

కామేశం ఫోను చేసి రాజమండ్రి రమ్మన్నాడు. రీలు ఇస్తాననలేదు. "ఒకసారి చూసెళ్లండి," అన్నాడంతే. హైమ ఒక్కతే వెళ్లింది.

ఆయన ఒకప్పుడు సినిమా హాలు నడిపినవాడు. హాలు పోయినా ముందుగదిని హాలులాగే ఉంచుకున్నాడు. కిటికీలకి నల్లటి తెరలు, గోడకి తెల్లసున్నం, మధ్యలో చేత్తో తిప్పే పాత ప్రొజెక్టరు. ఆయన భార్య కాఫీ గ్లాసులు బల్ల మీద పెడుతూ హైమతో, "తీసుకుపోమ్మా, పుణ్యముంటుంది. నలభై ఏళ్లుగా ఈ ఇంట్లో నాకు సవతి పోరు," అంది.

"నువ్వూరుకోవే, పైత్యం," అన్నాడాయన.

గోడ మీద నది కదిలింది. పడవలో వనమాలిని. పెద్ద కళ్లు, చెదిరిన జుట్టు. ఆమె లేచి నిలబడింది. తిన్నగా వాళ్లవైపే చూసి పెదవులు కదిపింది.

"ఇదిగో ఇక్కడండీ!" కామేశం చెయ్యి ఆపకుండానే అన్నాడు. "ఏమంటోంది? బొంబాయిలో ఒకాయన ఉన్నాడు, శాపం పెట్టిందంటాడు. కలకత్తాలో ఇంకొకాయన, కాదు, దణ్ణం పెట్టుకుందంటాడు. వీళ్లిద్దరికీ దీనిమీద మాటల్లేవు తెలుసాండీ? మూకీలు ఎందుకు పోగేస్తావయ్యా అని అందరూ అడుగుతారు. టాకీలో హీరోయిన్ అందరికీ ఒకటే చెప్తుందండీ. మూకీలో నాకు చెప్పేది వేరు, మీకు చెప్పేది వేరు. ఇందులో ఆవిడ నాతోనే మాట్లాడుతుంది."

"మీతో ఏమంటుంది?"

ఆయన సిగ్గుపడ్డాడు. "అది చెప్పకూడదండీ."

ఆమె దూకింది. నీళ్లు లేచి పడ్డాయి. తరవాత ఎంతసేపటికీ ఖాళీ నది, ఖాళీ పడవ, అవతల రెల్లుగడ్డి, వాటి మీద బూజు మచ్చలు. రీలు అయిపోయింది.

కామేశం దీపం ఆర్పి, రీలుని అరచేతుల్లోకి తీసుకుని అంచు చూపించాడు. అక్కడ గోధుమరంగు పొడి రాలుతోంది.

"కుళ్లు పట్టేసిందండీ. వేసవి దాటదు. అందుకని కిందటేడే కంప్యూటర్లోకి నకలు తీయించాను."

"నకలు ఉందంటే మరి ఇంకేం..."

"మీ నాన్నగారి ఫోటో ఉంది కదా మీ దగ్గర? ఆయన్ని నాకిచ్చేస్తారా?"

హైమ రాలిన పొడిని వేలితో తీసి చూసింది.

"ఎలాగూ పోయేదే," అన్నాడు కామేశం కాసేపటికి. "పొడైపోయేలోపు ఆవిడ ఏమందో విననీయండి. ఒక్కటే షరతు. యంత్రం ఆపే మీట నా చేతిలో ఉండాలి. ఎక్కడ ఆపమనిపిస్తే అక్కడ ఆపేస్తాను. ఎందుకని అడక్కూడదు."

*

ఆయన రీలుని రొయ్యలు పంపే ఐసు పెట్టెలో పెట్టి, తన కారులోనే విశాఖపట్నం తెచ్చాడు. ఆ రకం ఫిల్ము వేడెక్కితే అంటుకుంటుంది, అంటుకుంటే ఆరదు. హైమ దాన్ని నైట్రోజన్ నింపిన గాజుగదిలోకి ఎక్కించింది. పొద్దున్న ఎండ కిటికీలోంచి బల్ల మీద పడుతోంది. అప్పలసూరి ఇస్త్రీ చొక్కా వేసుకుని, కోర్టు బోనులో నిలబడ్డట్టు గోడవార నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

'చెవి' కదిలింది.

ముందు గాలి. తరవాత నీటి చప్పుడు. దానిమీద గడగడమంటూ ఒకటే లయతో కెమెరా హ్యాండిల్. ఆ లయకి సరిగ్గా కుదురుతూ ఒక మగగొంతు కూనిరాగం తీస్తోంది. ఏదో నాట్లపాట.

అప్పలసూరి గోడ వదిలి ముందుకొచ్చాడు. "మా అయ్యేనేటి?"

"ఆయనే అయ్యుంటారండీ," అన్నాడు కామేశం. "అప్పట్లో మోటారు లేదు కదా. చెయ్యి వేగం తప్పకుండా పాట పాడుకుంటూ తిప్పేవారు."

"మా అయ్య పాడతాడని నాకు తెల్దు బాబూ. ఒక్కనాడూ ఇననేదు."

ఖాళీ ఫిల్ము రెండో వైపు చుట్టుకుంటోంది. దూరం నుంచి ఒక దర్జా గొంతు అరిచింది: "ఏడవమ్మా! ఇంకా ఏడు!" సినిమాకి డబ్బు పెట్టి తనే డైరెక్టరునని చెప్పుకున్న జమీందారుది. కామేశం కుర్చీ అంచుకి జరిగాడు. ఇప్పుడు ఆమె లేస్తుంది. ఇప్పుడు తిరుగుతుంది.

సన్నగా, కానీ స్పష్టంగా వనమాలిని గొంతు వచ్చింది.

"ఆపొద్దు కూర్మయ్యా."

అంతే. నీళ్లు ధభీమన్నాయి.

కామేశం ముఖం పాలిపోయింది. శాపమూ కాదు, దణ్ణమూ కాదు. నలభై ఏళ్లుగా తనకోసమే అనుకున్న మాట కూడా కాదు. ఒడ్డు మీద కేకలు చెలరేగాయి. ఆ కేకల మధ్య హ్యాండిల్ గడగడ ఆగలేదు. నాట్లపాట కూడా ఆగలేదు.

"ఆపేయండి," అన్నాడు అప్పలసూరి. "మనిసి మునిగిపోతుంటే పాట పాడతన్నాడు. ఇంక సాలు. ఆపేయండి బాబూ."

కామేశం మీట నొక్కాడు. యంత్రం ఆగింది.

"నాదీ అదే మాటండీ," అన్నాడు నీరసంగా. "సగమన్నా మిగిలింది. ఇచ్చేయండి, తీసుకుపోతాను."

హైమ కదల్లేదు. ఆమె చూపు కంప్యూటరు తెరమీది గీత మీద ఉంది. అది హ్యాండిల్ లయని చూపించే గీత. వనమాలిని దూకిన చోట వేలు పెట్టింది.

"కామేశం గారూ, మీరు ఈ రీలు కొన్ని వందలసార్లు చూసి ఉంటారు. కళ్లముందు మనిషి హఠాత్తుగా నదిలో దూకితే తిప్పేవాడి చెయ్యి ఏమవుతుంది?"

"తడబడుతుందండీ. తడబడితే అక్కడ వెలుగు ఎక్కువ పడుతుంది. తెరమీద బొమ్మ తెల్లగా మినుకుమంటుంది."

"ఇందులో మినుకుమందా?"

కామేశం కళ్లు మూసుకుని రీలంతా గుర్తు చేసుకున్నాడు. "లేదు," అన్నాడు నెమ్మదిగా. "ఎక్కడా లేదు."

"ఈ గీత కూడా ఎక్కడా వంకరపోలేదు. అంటే ఆమె దూకుతుందని మా తాతకి ముందే తెలుసు."

"అది ఇంకా గోరం కదే!" అన్నాడు అప్పలసూరి.

"ఘోరమో కాదో మిగతా సగంలో ఉంది నాన్నా. ఆపొద్దని ఆమే అడిగింది. ఎందుకడిగిందో తెలుసుకోకుండా నేను ఇంటికి రాను." ఆమె కామేశం వైపు తిరిగింది. "మీట మీ చేతిలోనే ఉంది. నేను అడగను."

కామేశం గాజుగదిలో మిగిలిన ఫిల్ము చుట్టని చూశాడు, మీటని చూశాడు, పక్కనే నిలబడ్డ ముసలాయన్ని చూశాడు.

"తెలుసా!" అని గొణిగాడు. "ముందే తెలుసా!"

మీట పైకి లేపాడు.

కేకలు మళ్లీ మొదలయ్యాయి. "దిగండ్రా! దూకండ్రా ఎవడైనా!" అని జమీందారు. దానికి ఎవరో పడవవాడు భయం భయంగా, "దిగమంటారాండీ? హేండిలు తిరుగుతోంది కదండీ!"

కామేశం ఎగిరి గంతేసినంత పనిచేశాడు. "అబ్బా! అదండీ! హ్యాండిల్ తిరుగుతుంటే కెమెరా ముందుకి చీమ కూడా రాకూడదు. ఫిల్ము ఓడలో ఇంగ్లీషు సీమ నుంచి వచ్చేది, బంగారంతో సమానం. అడ్డొచ్చినవాడికి ఈ దొర దగ్గర చెర్నాకోల దెబ్బలేనని చెప్పుకునేవారు. ఆయన పెట్టిన రూలుకి ఆయనే..."

"ఉండండి," అంది హైమ.

"ఆపరా కూర్మా! ఆపు!" దొర గొంతు దగ్గరికొచ్చింది.

పాట ఆగింది. హ్యాండిల్ ఆగలేదు. కూర్మయ్య గొంతు గదంతా నిండింది. "సిత్తం దొరా! ఇప్పుడు ఆపితే ఇంతసేపు తీసిందంతా పాడైపోద్ది దొరా! ఎవులూ అడ్డు రాకండి! ఎవులూ కదలొద్దు!"

ఎవరూ కదల్లేదు. నీటి చప్పుడు, హ్యాండిల్ గడగడ తప్ప ఏమీ లేదు. ఆ తరవాత అదే గొంతు, కెమెరాకి చెంప ఆనించినంత దగ్గర నుంచి, తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు మెల్లగా వచ్చింది.

"ఎల్లు తల్లీ, ఎల్లు. తల పైకెత్తకు. నాను తిప్పినంతసేపూ ఈళ్లు కదలరు. ఈ దొర సేతికి మళ్లీ సిక్కకు. ఎల్లు."

అప్పలసూరి ఉన్నచోటే కూలబడ్డాడు. హైమ వెళ్లి పక్కన కూర్చుని ఆయన భుజం చుట్టూ చెయ్యి వేసింది. ఆయన కళ్లు తుడుచుకోలేదు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. ఎదురుగా తండ్రి ఉన్నట్టు స్పీకర్నే చూస్తున్నాడు.

"ఇంకొంచిం దూరవే," అంటోంది గొంతు. "అదిగో రెల్లు. అటే పో. అవతల ఒడ్డున నీకోసం..."

"ఆపండి!" అప్పలసూరి అరిచాడు.

"ఇప్పుడా!" కామేశం మీట వెనక్కి దాచుకున్నాడు. కళ్లు మెరుస్తున్నాయి. "ఒక్క నిమిషమండీ! అవతల ఎవరో ఉన్నారు! ఎక్కడికెళ్లిందో ఇప్పుడే తెలిసిపోతుంది!"

"మా అయ్య ఎవులికీ సెప్పనేదు బాబూ! పేగుల్లో దాసుకుని పోనాడు. నార మోసినాడు, తిట్లు తిన్నాడు, కన్నకొడుక్కి సెప్పనేదు. ఆయమ్మ ఎక్కడికెల్లిందో మనకెందుకు?"

"రెల్లు అన్నాడు..." కామేశం ఉన్నట్టుండి గొంతు తగ్గించాడు. "రెల్లు వైపు... ఓరి దేవుడా!"

మీట విరిగిపోయేంత గట్టిగా నొక్కాడు.

యంత్రం ఆగిపోయింది. గాజుగదిలో గుప్పెడు ఫిల్ము మిగిలింది.

"చుక్క," అన్నాడు కామేశం. నుదురంతా చెమట. "రీలు చివర్లో నీళ్ల మీద ఒక నల్లటి చుక్క ఉండేదండీ. బూజు అనుకున్నాను. నకలు తీసినప్పుడు ఆ కుర్రాళ్లతో దగ్గరుండి తుడిపించేశాను. ఒక్క మచ్చ కూడా ఉండకూడదని... మచ్చ ఉన్న నకలు ఉంచనివ్వలేదు కూడా." ఆయన కండువాతో నుదురు తుడుచుకున్నాడు. "అది ఆవిడ తలండీ."

హైమకి అర్థం కావడానికి క్షణం పట్టింది. తన యంత్రం తాగేసిన ఫిల్ములో వనమాలిని ఈదుతున్న బొమ్మ ఉండేది. ఆ బొమ్మ ఇంక ప్రపంచంలో ఎక్కడా లేదు. మిగిలింది ఈ గుప్పెడు ముక్కే. దీన్ని వింటే ఒక ఊరి పేరో, మనిషి పేరో తెలుస్తుంది. తన యంత్రం గొప్పతనం లోకమంతా చాటుకోవడానికి అంతకంటే ఏం కావాలి? దాచిన రహస్యం, తప్పించుకున్న నటి, వందేళ్ల తరవాత చిరునామా.

లేచి వెళ్లి యంత్రం కరెంటు కట్టేసింది.

"రికార్డయిన తాత గొంతు మాత్రం అందరికీ వినిపిస్తాను నాన్నా. రేపే. ఆ టీవీ వాళ్లతో మొదలుపెట్టి."

"గట్టిగా ఇనిపించు," అన్నాడు అప్పలసూరి.

మిగిలిన ముక్కని కామేశం స్వయంగా విప్పాడు. పసిబిడ్డ తల పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని, ల్యాబులో ఫిల్ముని పెద్దది చేసి చూపించే చిన్న పెట్టెకి ఎక్కించాడు. కిటికీ తెర వేసి, ముగ్గురూ తలలు దగ్గరికి చేర్చి వంగారు. హైమ మెల్లగా తిప్పింది.

నది. ఖాళీ పడవ. నీటి మీద ఆవగింజంత నల్లటి చుక్క. అది ఆగుతూ, మునుగుతూ, మళ్లీ తేలుతూ అవతలికి పోతోంది. రెల్లుగడ్డి ఒక్కసారి కదిలింది. గడ్డి మధ్య, గోడ మీద చూసినప్పుడు బూజు మచ్చల్లో కలిసిపోయిన ఒక చిన్న తెల్లటి చెయ్యి లేచి, ఒక దుబ్బుని పట్టుకుంది. ఫిల్ము అయిపోయింది.

కామేశం ముక్కు చీదుకున్నాడు.

"నలభై ఏళ్లుగా చచ్చిపోతుంటే చూశానండీ ఈవిణ్ణి," అన్నాడు. "ప్రతిసారీ."

"ఇంకోపాలి ఎయ్యండి బాబూ," అన్నాడు అప్పలసూరి.

హైమ ఫిల్ముని మొదటికి తిప్పి మళ్లీ వేసింది. ఈసారి ముగ్గురి కళ్లూ వనమాలినికంటే ముందే అవతలి ఒడ్డుకి చేరిపోయి, ఆమె కోసం కాచుకుని కూర్చున్నాయి.